సగం పనిని సగం పనిగా చూడండయ్యా!
తిరుపతిలో కాంటెంపరరీ డ్యాన్స్ (శాస్త్రీయ నృత్యపు కట్టుబాట్లకు లోబడని నేటి నృత్యం) వర్క్ ఇన్ ప్రోగ్రెస్, అంటే ఇంకా తయారవుతున్న ముక్క, చూపిస్తే చాలు, చూసేవాళ్ల ప్రశ్నలు మొదలు! "గజ్జెలేవి? కథేంది? ఏ కీర్తన?" లైట్లు లేవు, పాట మారొచ్చు, ఇంకా సగమే అయిందని ముందే చెప్తారు కదా!

పైగా ఫోన్లు. రేపు తీసెయ్యబోయే ముక్క ఈ రాత్రికే ఇన్‌స్టాలో. ఇంకెవరు ధైర్యంగా కొత్తది ప్రయత్నిస్తారు?

చెప్పులతో డ్యాన్స్ మ్యాట్ ఎక్కడమేంది? చిన్న ఇసుక రాయి చాలు, వట్టికాళ్లతో గిరగిరా తిరిగేటప్పుడు పాదం చీరుకుపోతుంది. ఆ మ్యాట్ కూడా నేరుగా సిమెంటు మీదే! కింద చెక్క, ఆ చెక్క కింద కాస్త ఖాళీ లేకుంటే దూకిన ప్రతిసారీ దెబ్బ మోకాళ్లకే.

అయిపోగానే సలహాలు. "చివర తీసెయ్యమ్మా, ఫాస్ట్ బీట్ పెట్టు." ఎవరడిగారు? అమెరికన్ కొరియోగ్రాఫర్ లిజ్ లెర్మన్ 1990లోనే ఇలాంటి పని చూసి అభిప్రాయం చెప్పడానికి నాలుగు మెట్ల పద్ధతి పెట్టారు. మిమ్మల్ని ఏది తాకిందో ముందు చెప్పాలి. తర్వాత కొరియోగ్రాఫర్ మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతారు. ఆపైన మీ ప్రశ్నలు, తీర్పు కలపకుండా. అభిప్రాయం చివర్లో, అదీ అనుమతి అడిగి. "ఎందుకింత స్లో?" అన్నది ప్రశ్నా? "ఈ నెమ్మదిలో ఏం వెతుకుతున్నావమ్మా?" అని అడగలేరా?