పాత జనాభా లెక్కల మతలబు

వలసలకు తలుపు వేసేటప్పుడు ప్రభుత్వాలు చెప్పే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: స్థానికుల ఉద్యోగాలు. కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ 2025 సెప్టెంబరులో వెలువడిన అమెరికా ప్రకటనలోనూ ఆ మాటే ఉంది. దాన్ని తీసిపారేయలేం. అయితే ఆ దేశమే 1924లో చేసిన వలస చట్టాన్ని తిరగేస్తే, పైకి చెప్పింది ఒకటి, లోపల కొలిచింది మరొకటి అని తేలుతుంది.

జాన్సన్-రీడ్ చట్టంగా పేరుపడిన దానిపై అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ 1924 మే 26న సంతకం చేశారు. అమెరికాలో అప్పటికే స్థిరపడిన ఒక్కో దేశస్థుల సంఖ్యలో 2 శాతం మందిని ఏటా రానివ్వాలన్నది సూత్రం. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఏ ఏటి సంఖ్య? 1920 జనగణన చేతిలోనే ఉంది. మూడేళ్ల ముందటి తాత్కాలిక చట్టం 1910 లెక్కను వాడింది. కాంగ్రెస్ రెంటినీ పక్కనపెట్టి 1890 నాటి దస్త్రం దుమ్ము దులిపింది. ముప్పై నాలుగేళ్ల కిందటి ఆ లెక్కలో ఇటలీ వాళ్లు, పోలండ్ వాళ్లు, రష్యా నుంచి వచ్చిన యూదులు బాగా తక్కువ. ఇంకేముంది, ఇటలీ వాటా 42 వేల నుంచి 3,845కు పడిపోయింది. జర్మనీకి మాత్రం 51 వేలకు పైగా దక్కింది. కూలి రేట్ల మీద బెంగ ఉన్నవాళ్లు చేసే లెక్క కాదిది.

1921 చట్టం వచ్చిన నాటికి నిజంగానే మాంద్యం ఉంది, అంతవరకు ఒప్పుకోవాలి. 1924లో ఆ సాకు కూడా చాలదు. కార్లు, రేడియోలు మధ్యతరగతి ఇళ్లకు చేరుతున్న దశకం అది. పైగా మెక్సికోకు కోటాయే పెట్టలేదు. కాలిఫోర్నియా, టెక్సాస్ భూస్వాములకు చౌక కూలీలు కావాలి మరి. ఆ కూలీలనే, 1929 స్టాక్‌మార్కెట్ పతనం తర్వాత, అక్కడే పుట్టిన పిల్లలతో సహా రైళ్లెక్కించి సరిహద్దు దాటించారు. కోటాలకు మద్దతిచ్చిన కార్మిక నేత శామ్యూల్ గోంపర్స్ స్వయంగా లండన్‌లో పుట్టి వలస వచ్చినవారు. ప్రతినిధుల సభ వలసల కమిటీకి సలహాలిచ్చిన ‘నిపుణుడు’ హ్యారీ లాఫ్లిన్ ఆర్థికవేత్త కాదు, జాతుల్లో మేలైనవి, నాసివి ఏరే యూజెనిక్స్ ప్రచారకుడు. 1936లో, నాజీల ఏలుబడిలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఎవరి మెప్పు పొందారో చూస్తే ఆ శాస్త్రం ఏపాటిదో తెలుస్తుంది.

ఆసియా వాసులకు 2 శాతం కూడా లేదు. పౌరసత్వానికి అనర్హులైన వారికి ప్రవేశమే నిషిద్ధం. అనర్హులెవరో, అంటే ఆసియన్లలో చట్టం దృష్టిలో ‘తెల్లవారు’ కానిదెవరో, సుప్రీంకోర్టు అంతకుముందే చెప్పింది. 1922 నవంబరులో జపాన్‌కు చెందిన ఒజావా శ్వేతజాతీయుడు కాదంది. తెల్లవారంటే కాకేసియన్లే అంది. మూడు నెలలకు, 1923 ఫిబ్రవరిలో, పంజాబీ సిక్కు భగత్‌సింగ్ థింద్ వంతు వచ్చింది. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవారు. నాటి శాస్త్రజ్ఞుల వర్గీకరణలో కాకేసియన్ కావచ్చుగానీ, సామాన్యుడి దృష్టిలో తెల్లవాడు కాడు పొమ్మంది అదే కోర్టు. రెండు తీర్పులూ రాసింది ఒకే న్యాయమూర్తి, జార్జ్ సదర్లాండ్. ఆయన పుట్టింది ఇంగ్లండ్‌లో! థింద్ తీర్పును పట్టుకుని, అప్పటికే పౌరులైన భారతీయుల పౌరసత్వాలు కూడా లాగేశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడిపిన వైష్ణోదాస్ బగాయ్ పౌరసత్వంతో పాటు ఆస్తినీ కోల్పోయి, 1928లో ప్రాణం తీసుకున్నారు.

థింద్ తీర్పు వచ్చిన ఏడాదే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. 1917 నుంచే భారతీయ కూలీలకు దారి మూసుకుపోయినా, విద్యార్థులకు మినహాయింపు ఉంది. హార్వర్డ్ ప్రయోగశాలలో రక్తంలోని ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని సైరస్ ఫిస్క్‌తో కలిసి రూపొందించిన ఆయన, 1946 దాకా చట్టం దృష్టిలో పౌరసత్వానికి పనికిరాని మనిషే. పౌరుడు కాకుండానే 1948లో కన్నుమూశారు.

1924లో ఈ బిల్లును ఎదిరించిన కొత్త సభ్యుల్లో బ్రూక్లిన్ ప్రతినిధి ఇమాన్యుయెల్ సెల్లర్ ఒకరు. ఓడిపోయినా వదల్లేదు. భారతీయులకు పౌరసత్వ హక్కు ఇచ్చిన 1946 చట్టం మీద, జాతి కోటాలను రద్దు చేసిన 1965 చట్టం మీద ఆయన పేరుంది. నేడు అమెరికాలోని తెలుగువారిలో అత్యధికులు ఆ రెండో చట్టం తెరిచిన దారిలో వెళ్లినవారూ, వారి పిల్లలూ. అయినా పుట్టిన దేశాన్ని బట్టి గేటు దగ్గర ఆపే అలవాటు పూర్తిగా పోలేదు. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతమే అన్న పరిమితి అందరికీ సమానమే కాబట్టి దాన్ని 1924తో ఒకే గాటన కట్టడం అన్యాయం. కానీ ఏళ్ల తరబడి నిరీక్షిస్తున్న మన ఇంజినీరుకు అడ్డొచ్చేది నైపుణ్యం కాదు, జన్మస్థలం. ఆ పరిమితిని ఎత్తేయాలన్నది ఈ పత్రిక అభిప్రాయం.

కోటాల నిర్మాతలు రేవుల్ని మూయగలిగారుగానీ, అప్పటికే లోపల పుట్టినవారిని ఏమీ చేయలేకపోయారు. ఇటలీ వలసదారుడి కొడుకు లాగార్డియా 1933లో న్యూయార్క్ మేయర్‌గా గెలిచారు. వలస కార్మికుల బిడ్డలే నగరాల్లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు వెన్నుదన్నయ్యారు. 1868 నాటి పద్నాలుగో రాజ్యాంగ సవరణ వారికి పుట్టుకతోనే పౌరసత్వం ఇచ్చింది. అంత కరకు చట్టం కూడా ఆ సవరణ జోలికి పోలేదు. 2025 జనవరి 20న డొనాల్డ్ ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వు నేరుగా దాని మీదికే వెళ్లింది. తల్లిదండ్రులిద్దరూ తాత్కాలిక వీసాపై ఉంటే బిడ్డకు పౌరసత్వం లేదంటుంది అది. హెచ్-1బీపై కాపురం పెట్టిన వేలాది తెలుగు జంటలు ఆ నిర్వచనంలోకే వస్తాయి.