ద్వితీయ స్థాన మాహాత్మ్యం

మా వీధి చివర ప్లైవుడ్ షాపు బోర్డు మీద 'జర్మన్ టెక్నాలజీ' అని రాసి ఉంటుంది. గోడలు చెమ్మెక్కకుండా వేసే పెయింటు డబ్బా మీదా అదే, మోకాళ్ల నొప్పుల బెల్టు మీదా అదే. జర్మనీ నుంచి వచ్చిందంటే లెక్క తప్పదని, టైముకి పనైపోతుందని, ఆఖరి నిమిషంలో చేతులెత్తేయదని మనవాళ్లకు గట్టి నమ్మకం. ఆ షాపు ఓనరు శనివారం సాయంత్రాలు జర్మన్ ఫుట్‌బాల్ లీగ్ బుండెస్‌లీగా చూడడని దీన్నిబట్టే చెప్పొచ్చు.

నేను చూస్తాను. 2012లో మొదలుపెట్టాను. ఆ ఏడు డోర్ట్‌మండ్ ఛాంపియన్. వాళ్ల కోచ్, యూర్గెన్ క్లోప్ అనే గడ్డపాయన గీత పక్కన గంతులేస్తుంటే, పసుపు చొక్కాల కుర్రాళ్లు బంతి పోయిన మరుక్షణమే కందిరీగల్లా ఎదుటివాళ్ల మీద పడుతున్నారు. ఇంకేం, జట్టు దొరికింది అనుకున్నాను. పైగా పసుపు శుభం. అప్పటినుంచి ఇప్పటిదాకా డోర్ట్‌మండ్ మళ్లీ లీగ్ గెలవలేదు. నేను చూడటం మొదలుపెట్టడం వల్లే అని ఇంట్లో ఒక వాదన ఉంది. ఆధారాలు చూపించలేదు కాబట్టి ఖండిస్తున్నాను.

2013 నుంచి 2023 వరకు వరసగా 11 సార్లు బయెర్న్ మ్యూనిక్కే గెలిచింది. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన లీగ్‌ని ఎందుకు చూడాలని స్నేహితులు అడుగుతుంటారు. వాళ్లు పట్టికలో మొదటి వరస ఒక్కటే చదువుతారు, అదీ వాళ్ల ఇబ్బంది. మొదటి స్థానానికి డబ్బుంటే చాలు. రెండో స్థానానికి సాధన కావాలి, సంస్కారం కావాలి, 90 నిమిషాల తర్వాత కూడా చెడగొట్టుకోగల ఓర్పు కావాలి. ప్రపంచంలో ఈ విద్యను శాస్త్రంగా తీర్చిదిద్దింది జర్మన్లే. ప్లైవుడ్ షాపాయన కార్ల దగ్గర ఆగిపోయాడు.

ఈ శాస్త్రానికి ఆదిగురువు లేవర్కూజెన్. ఆస్పిరిన్ తయారుచేసే బాయర్ కంపెనీ కార్మికులు 1904లో పెట్టుకున్న క్లబ్. తలనొప్పి మందు చేసే ఊరికి తలనొప్పి ఎలా ఉంటుందో తెలియాలని కాబోలు, 2000లో చివరి మ్యాచ్‌లో డ్రా చేసుకుంటే చాలన్న స్థితిలో ఉంటర్‌హాకింగ్ అనే బుల్లి క్లబ్ చేతిలో 0-2తో ఓడి టైటిల్‌ని బయెర్న్ చేతిలో పెట్టింది. అందులో మొదటి గోలు మిషాయెల్ బల్లాక్ తన వలలోకే వేసుకున్నది. ఇక 2002 సంగతి చెప్పనక్కర్లేదు. మూడు మ్యాచ్‌లు మిగిలి ఉండగా అయిదు పాయింట్ల ఆధిక్యంలో ఉండి లీగ్‌లో రెండో స్థానం, జర్మన్ కప్ ఫైనల్లో ఓటమి, యూరప్ క్లబ్బులన్నీ పోటీపడే ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో జిదాన్ గాల్లో తన్నిన బంతికి ఓటమి. ఒక్క నెలలోపు మూడు రెండో స్థానాలు. అది చాలదన్నట్టు ఆ జట్టులోని జర్మన్లు నేరుగా ప్రపంచకప్‌కి వెళ్లి అక్కడా ఫైనల్లో ఓడారు. జనం ఆ క్లబ్‌కి 'ఫీట్సెకూజెన్' అని పేరు పెట్టారు, ఉపలేవర్కూజెన్ అన్నమాట. ఇంకొకరైతే సిగ్గుపడేవాళ్లు. క్లబ్ వెళ్లి ఆ పేరును ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించుకుంది. ఇదీ అసలు జర్మన్ టెక్నాలజీ.

షాల్కె అనే ఇంకో క్లబ్ వాళ్లది భక్తిమార్గం. 2001 మే 19న తమ మ్యాచ్ 5-3తో గెలిచారు. అటు హాంబర్గ్‌లో బయెర్న్ 90వ నిమిషంలో గోలు తిని 0-1తో వెనకపడింది. జనం మైదానంలోకి దూకి ఏడుస్తూ నవ్వుతూ కావలించుకుంటున్నారు. నాలుగు నిమిషాలు ఛాంపియన్లు. ఈలోగా హాంబర్గ్ కీపర్, సొంత డిఫెండర్ వెనక్కి తన్నిన బంతిని చేత్తో పట్టుకున్నాడు, అలా పట్టుకోకూడదు. ఫ్రీ కిక్. పాట్రిక్ ఆండర్సన్ కొట్టాడు, బంతి వలలో పడింది, వాళ్లకు డ్రా చాలు కాబట్టి టైటిల్ బయెర్న్‌కి పోయింది. మైదానంలో జనం ఆ దృశ్యాన్ని పెద్ద తెర మీద నిలబడి చూశారు. ఇంతకీ ఆ కీపర్ ఎవరయ్యా అంటే మటియాస్ షోబర్, షాల్కె క్లబ్బే హాంబర్గ్‌కి అరువిచ్చిన మనిషి! మన బంగారం మంచిది కానప్పుడు ఎవర్నని ఏం లాభం. ఇకమీదట ఫుట్‌బాల్ దేవుణ్ని నమ్మనని మేనేజర్ రూడీ అసావర్ ఆ రోజే ప్రకటించాడు. జనం మాత్రం షాల్కెకి 'హృదయాల ఛాంపియన్' అని బిరుదిచ్చారు. బిరుదుకి షీల్డు ఉండదు.

ఇంత పరంపర ఉండగా నా డోర్ట్‌మండ్ ఊరుకుంటుందా?

2023 మే 27, శనివారం. ఆఖరి రౌండు. డోర్ట్‌మండ్‌కి 70 పాయింట్లు, బయెర్న్‌కి 68. సొంత మైదానం, 81 వేల మంది సొంత జనం. ఎదుట మైన్జ్. గెలిస్తే టైటిల్ మనదే, వేరే లెక్కలే అక్కర్లేదు. మనకు సాయంత్రం ఏడు గంటలు. అమ్మ మామిడికాయ పప్పు, వడియాలు కంచంలో వేసి తెచ్చి పక్కన పెట్టింది. తినబోయేలోగా మైన్జ్ ఒక గోలు కొట్టింది. మనకో పెనాల్టీ వచ్చింది, హాలే తన్నాడు, కీపర్ ఆపేశాడు. క్యాన్సర్‌కి చికిత్స చేయించుకుని ఆ జనవరిలోనే తిరిగి ఆడటం మొదలుపెట్టిన మనిషి, తిడదామన్నా నోరు రాదు. 24వ నిమిషంలో మైన్జ్ రెండోది కొట్టింది. పప్పు మీద మీగడ కట్టింది.

అసలు ఘట్టం ఆ తర్వాత. 69వ నిమిషంలో మనవాళ్లు ఒకటి కొట్టి 1-2 చేశారు. అదే సమయానికి ఇంకోచోట బయెర్న్ కొలోన్ జట్టుతో ఆడుతూ ఒక గోలు ముందుంది. 81వ నిమిషంలో అక్కడ కొలోన్ పెనాల్టీతో లెక్క 1-1 చేసింది. డ్రా అయితే బయెర్న్‌కి వచ్చేది ఒక్క పాయింటే, మొత్తం 69. అంటే ఇక్కడ డోర్ట్‌మండ్ ఓడిపోతోంది, అయినా ఆ క్షణాన ఛాంపియన్ డోర్ట్‌మండే! నేను సోఫా ఎక్కి అరిచాను.

"ఓడిపోతున్నారన్నావు కదరా?" అంది అమ్మ.

"ఓడిపోతూ గెలుస్తున్నాం అమ్మా. అక్కడ కొలోన్ వాళ్లు బయెర్న్‌ని ఆపారు."

"ఆపితే వాళ్లకేమొస్తుంది?"

"ఏమీ రాదు."

"ఏమీ రానివాళ్లని నమ్ముకున్నారా!"

ఎనిమిది నిమిషాలు నమ్ముకున్నాం. 89వ నిమిషంలో బయెర్న్ ఆటగాడు జమాల్ ముసియాలా పెనాల్టీ బాక్సు బయటినుంచి తన్నిన బంతి కొలోన్ వలలో మూలకు దూరింది. డోర్ట్‌మండ్ ఆఖర్న, 96వ నిమిషంలో, 2-2 చేసింది. వియ్యాలవారు లేచి వెళ్లిపోయాక పాయసం వడ్డించినట్టు. ఇద్దరికీ 71 పాయింట్లు, గోల్స్ తేడాలో కప్పు బయెర్న్‌ది. షాల్కెవి నాలుగు నిమిషాలు, మావి ఎనిమిది. సరిగ్గా రెట్టింపు. ఈ అభివృద్ధిని ఎవరూ గుర్తించలేదు. అన్నట్టు గెలిచిన బయెర్న్ అదే రోజు తమ సీఈఓ ఒలివర్ కాన్‌నీ, స్పోర్టింగ్ డైరెక్టర్‌నీ ఉద్యోగాల్లోంచి పీకేసింది. కప్పొచ్చిన ఇంట్లో ఏడుపు, పోయిన ఇంట్లో ఏడుపు. ఇంత సమానత్వం ఇంకే లీగ్‌లో ఉంది?

మర్నాడు ఆదివారం, హాంబర్గ్ వాళ్ల వంతు. వీళ్లది పాత జమీందారీ లెక్క. 1963లో లీగ్ పుట్టిన దగ్గర్నుంచి ఎన్నడూ కింది డివిజన్‌కి దిగలేదని స్టేడియంలో ఒక గడియారం పెట్టుకున్నారు. ఎన్నేళ్లు, ఎన్ని రోజులు, ఎన్ని గంటలు, ఎన్ని నిమిషాలుగా పై లీగ్‌లో ఉన్నారో సెకన్లతో సహా చూపించేది. మన ఇళ్లలో ఇలాంటి గడియారం పెడితే దిష్టి తగులుతుందని పెద్దలు రెండో రోజే పీకించేవారు. 2018 మే 12న, 54 ఏళ్ల 261 రోజుల దగ్గర ఆ లెక్క ఆగిపోయింది. కిందికి దిగాక వరసగా మూడేళ్లు నాలుగో స్థానం. పైకెళ్లడానికి రెండో స్థానమైనా రావాలి, మూడైతే ప్లే ఆఫ్, నాలుగైతే శూన్యం. రెండో స్థానం విలువ ఏమిటో వాళ్లనడగండి, నన్ను కాదు.

ఆ ఆదివారం జాండ్‌హౌజెన్‌లో హాంబర్గ్ 1-0తో గెలిచింది. పోటీలో ఉన్న హైడెన్‌హైమ్ ఇంకోచోట 1-2తో ఓడిపోతోంది. ఇంక అయిపోయిందనుకుని హాంబర్గ్ అభిమానులు మైదానంలోకి వచ్చేశారు. మైకాయన పై లీగ్‌కి వెళ్తున్నందుకు శుభాకాంక్షలు కూడా చెప్పేశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. అక్కడ ఆట ఇంకా నడుస్తూనే ఉంది. 93వ నిమిషంలో హైడెన్‌హైమ్‌కి పెనాల్టీ, 2-2. 99వ నిమిషంలో ఇంకో గోలు, 3-2. ఏరు దాటాక తెప్ప తగలేసినవాళ్లని చూశాం, నడి ఏట్లో తగలేసినవాళ్లని అప్పుడే చూశాను. పైకెళ్లింది జనాభా 50 వేలకు అటూ ఇటూ ఉండే హైడెన్‌హైమ్. దాని కోచ్ ఫ్రాంక్ ష్మిట్ అప్పటికి 2007 నుంచీ అక్కడే ఉన్నాడు, నాలుగో అంచె నుంచి మొదటి అంచె దాకా ఒకే మనిషి నడిపించాడు. హాంబర్గ్‌కి పైమెట్టు ఎక్కేసరికి 2025 వచ్చింది.

మొదటి స్థానంలో ఉన్నవాళ్లు సుఖపడుతున్నారనుకుంటే పొరపాటు. బయెర్న్‌కి అన్నీ ఉన్నాయి, కోచ్ మాత్రం నిలవడు. 2023 మార్చిలో యూలియాన్ నాగెల్స్‌మన్ మంచుకొండల్లో స్కీయింగ్‌కి వెళ్లి ఉండగా పని ఊడింది. నేరం ఏమిటంటే జట్టు ఒక్క పాయింటు తేడాతో రెండో స్థానంలో ఉండటం. రెండో స్థానం పట్ల గౌరవం లేని ఇంట్లో ఇలాగే ఉంటుంది. ఆయన చోట టూహెల్‌ని తెచ్చారు. 2024 ఫిబ్రవరిలో ఆయన్నీ వేసవికి పంపించేస్తామని ముందే చాటింపు వేసి, కొత్త సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. షాబీ అలోన్సో నేను లేవర్కూజెన్‌లోనే ఉంటానన్నాడు. వెళ్లగొట్టిన నాగెల్స్‌మన్నే మళ్లీ పిలుద్దామనుకుంటే ఆయన జాతీయ జట్టుతో ఒప్పందం పొడిగించుకున్నాడు. రాల్ఫ్ రాంగ్‌నిక్ ఆస్ట్రియా జట్టే నాకు చాలన్నాడు. ఆఖరికి పోనీ మీరే ఉండిపోండని టూహెల్‌తో మాట్లాడితే అదీ కుదరలేదు. మేడ, మిద్దె, కారు అన్నీ ఉన్న ఇంటికి పిల్లనివ్వడానికి ఊళ్లో ఒక్కరూ ముందుకు రాలేదన్నమాట. చివరికి వాన్సాన్ కొంపనీ దొరికాడు. అప్పుడే ఇంగ్లండ్‌లో ఆయన జట్టు బర్న్‌లీ కొంప మునిగి కింది డివిజన్‌కి పోయింది. అందరూ నవ్వారు. మొదటి ఏడాదే లీగ్ గెలిచాడు. బయెర్న్‌కి ఎవరు కోచైనా ఒకటేనన్న నా సిద్ధాంతానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మధ్యలో ఒక మాట. అక్కడి క్లబ్బుల్లో ఓటింగ్ హక్కు సగానికి పైన సభ్యుల చేతిలోనే ఉండాలని ఒక నిబంధన ఉంది. యజమాని ఒక్కడే కూర్చుని జట్టుని నడపడానికి వీల్లేదు, రెండు మూడు మినహాయింపులు తప్ప. రెడ్‌బుల్ అనే ఎనర్జీ డ్రింకు కంపెనీ లైప్‌జిగ్‌లో జట్టు పెట్టి, కంపెనీ పేరు పెట్టకూడదంటే 'రాజెన్‌బాల్‌స్పోర్ట్' అని కొత్త మాట పుట్టించింది. అర్థం పచ్చికబంతి ఆట, పొడి అక్షరాలు 'ఆర్‌బీ' మాత్రం కంపెనీవే. అందుకే లీగ్‌లో పెట్టుబడిదారుల్ని దించుతామని 2023 డిసెంబర్‌లో తీర్మానం చేస్తే జనం ఊరుకోలేదు. మ్యాచ్ మ్యాచ్‌కీ టెన్నిస్ బంతులు, చాక్లెట్ నాణేలు మైదానంలోకి విసిరారు. రెండు నెలలకల్లా తీర్మానం అటకెక్కింది. వంద కోట్ల యూరోల బేరాన్ని టెన్నిస్ బంతులతో ఆపారు. ఆట ఆగిన నిమిషాలు కలుపుకుంటే నాకు శనివారం రాత్రి భోజనం తొమ్మిదిన్నర దాటేది, అయినా క్షమించాను.

క్షమించలేనిది లేవర్కూజెన్‌ని. ఆదిగురువే మతం మార్చుకుంటే శిష్యుల గతేమిటి? 2024లో ఆ జట్టు లీగ్‌లో 34 మ్యాచ్‌లు ఆడి 28 గెలిచి 6 డ్రా చేసుకుని ఒక్కటీ ఓడకుండా ఛాంపియన్ అయింది. 120 ఏళ్ల సంప్రదాయాన్ని అలోన్సో ఒక్క సీజన్లో మంటగలిపాడు. ఆ సీజన్ మొత్తంలో ఒకే ఒక్కటి ఓడారు, యూరోపా లీగ్ ఫైనల్, 0-3. పాత వాసన కొద్దిగా మిగిలి ఉందని అప్పుడు ఊరట కలిగింది. మరుసటేడు మళ్లీ రెండో స్థానానికే వచ్చారు, ఆ వేసవిలో అలోన్సో మాడ్రిడ్‌కి వెళ్లిపోయాడు. కొత్తగా తెచ్చుకున్న టెన్ హాగ్‌ని రెండంటే రెండు లీగ్ మ్యాచ్‌లకే సాగనంపారు. ఇల్లు దారిలో పడినట్టే.

మన తెలుగువాళ్లకూ ఇందులో కొంత పాత్ర ఉంది. 2020లో హైదరాబాద్ ఎఫ్‌సీ డోర్ట్‌మండ్‌తో ఒప్పందం చేసుకుంది. శిక్షణ, మెళకువలు, కుర్రాళ్లని తయారుచేయడం అన్నీ గురువుగారు నేర్పించాలని మాట. అప్పుడు శిష్యుడి చొక్కా కూడా పసుపే. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి హైదరాబాద్ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఛాంపియన్ అయింది. గురువుగారు మాత్రం ఆ సీజన్లో రెండో స్థానం. గురువు చెప్పినదాంట్లో ముఖ్యమైన పాఠం రోజు శిష్యుడు క్లాసుకి రాలేదని నా అనుమానం.

నా పసుపు చొక్కా విషయం కూడా చెప్పాలి. 2024 మే నెలలో డోర్ట్‌మండ్ పారిస్ జట్టుని ఓడించి ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కి చేరింది. ఆ ఉత్సాహంలో చొక్కా వేసుకుని పాల ప్యాకెట్‌కి వెళ్లాను. విజయవాడలో అవి ఎన్నికల రోజులు. షాపాయన లోపలినుంచి వచ్చి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ఈసారి మనదేగా అన్నా?"

"సెమీస్ రెండు మ్యాచ్‌లూ గెలిచాం, ఫైనల్ జూన్ ఒకటిన," అన్నాను.

"కౌంటింగ్ నాలుగున కదా?" అన్నాడు.

ఒకటిన లండన్‌లో మేం 0-2తో ఓడాం. నాలుగున ఆయన గెలిచాడు. స్వీటు పెట్టాడు, తిన్నాను. చొక్కా ఒకటే, ఆ మాత్రం హక్కు ఉంటుంది.

ఇప్పుడు శనివారాలు ఆరున్నరకే మా ఇంట్లో కంచం పెట్టేస్తున్నారు. ఇంకా ఆకలి కావడం లేదమ్మా, మ్యాచ్ అయ్యాక తింటానంటే అమ్మ ఒప్పుకోదు.

"ఇవాళ ఆడేది ఆ పసుపు చొక్కాలవాళ్లేనా?"

"అవును."

"అయితే ముందే తినేయ్."