‘కదుల్తోందిగా, విరగలేదులే’ గారికి బహిరంగ లేఖ

అయ్యా ‘కదుల్తోందిగా, విరగలేదులే’ గారూ,

మీ చురుకుదనానికి ముందుగా ఒక దండం. మంచం కోడు కాలి చిటికెన వేలికి తగిలిందో లేదో, మీరు హాజరు. దెబ్బ తిన్నవాడు ఇంకా ఒంటికాలి మీద గెంతుతూ ఉండగానే ఎవరి నోట్లోంచో ఊడిపడి, “ఏదీ, ఓసారి కదుపు” అంటారు. ప్రాణాలు ఉగ్గబట్టుకుని కదుపుతాడు. “చూశావా!” అని కేసు కొట్టేస్తారు. ఫీజు లేదు, అపాయింట్‌మెంట్ లేదు, పట్టా అసలే లేదు.

జర్మన్ శాస్త్రవేత్త రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో. అంతకు ముందు మీ ప్రాక్టీసు జోరుగా నడిచిందంటే అర్థం ఉంది. ఇప్పటికీ నడుస్తోందంటే మీ పలుకుబడి మామూలుది కాదు. వేలిని కదిపే పెద్ద కండరాలు మోకాలి కింద కాల్లో ఉంటాయండీ. వేలి ఎముక చిట్లినా అవి లాగుతూనే ఉంటాయి, వేలు కదుల్తూనే ఉంటుంది. వాపు, కమిలిన నలుపు కూడా సాక్ష్యానికి పనికిరావు, ఉత్త దెబ్బకీ అవే వస్తాయి. ఎముక మీద సరిగ్గా ఒకచోట నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి పుట్టడం, వేలి కొసను నిలువునా లోపలికి నెడితే లోపలెక్కడో కలుక్కుమనడం, వేలు పక్కకి తిరిగిపోవడం, ఇవీ అనుమానించాల్సినవి. మీరు వీటిలో ఒక్కటి కూడా అడగరు.

అయినా మీ పరువు ఎందుకు పోవడం లేదో చెప్పనా? చిన్న వేళ్ళ ఎముక వంకరపోకుండా చిట్లితే, మధ్యలో దూది పెట్టి పక్క వేలికి కలిపి టేపు చుట్టడమే చాలామటుకు వైద్యం. నాలుగు నుంచి ఆరు వారాల్లో అదే అతుక్కుంటుంది. మీరు తప్పు చెప్పినా వేలు మిమ్మల్ని కాపాడేస్తోంది! బొటనవేలి దగ్గర మాత్రం ఈ ఆటలు సాగవు. వేళ్ళలో ఒంటి బరువు ఎక్కువగా మోసేది అదే, డాక్టరు చూడాల్సిందే.

పగలు మీ రాజ్యమైతే, రాత్రి మీ తోడల్లుడు ‘సెప్టిక్ అయిందేమో’ గారిది. అందరూ పడుకున్నాక ఫోన్ లైటు వేయించి, రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టించి పోల్చి చూపిస్తారు. కమిలిన చోటు నీలం నుంచి పసుపులోకి తిరిగితే, “చీము!” అని కేక. అది దెబ్బ మానుతున్న రంగు స్వామీ. చర్మం తెగనే లేదు, చీము ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆయన నిజంగా రావాల్సిన వేళలు వేరే ఉన్నాయి: తగ్గిన నొప్పి రెండు మూడు రోజులకి మళ్ళీ పెరిగినప్పుడు, గోరు పక్కన సలుపు మొదలైనప్పుడు, ఎరుపు పాదం మీదికి చారలా పాకినప్పుడు, జ్వరం తగిలినప్పుడు. ఎరుపు చుట్టూ పెన్నుతో గీత గీసుకుంటే అది పాకుతోందో లేదో తెలిసిపోతుంది. కానీ గీత గీస్తే భయపడ్డానికి ఏం మిగులుతుందని ఆయన బాధ కాబోలు.

మీ ఇద్దరినీ ఎలాగో భరిస్తాం. మీ ఇంట్లోనే మూడో ఆయన ఉన్నారు, ‘నొప్పి లేదుగా’ గారు. ఆయన్ని షుగరు ఉన్నవాళ్ళ గుమ్మం తొక్కనివ్వకండి. అక్కడ పాదం నరాలు మొద్దుబారితే, పుండు పడినా తెలియదు. నొప్పి లేకపోవడమే అక్కడ చెడ్డ కబురు.

మిమ్మల్ని రాజీనామా చెయ్యమనను, చెయ్యరు కూడా. పట్టా ఉన్న డాక్టరు ఏం చెప్పినా చివర్లో, “మూడు రోజులాగి రివ్యూకి రండి” అంటాడు. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో మీరు ఒక్క పేషెంటునైనా రెండోసారి చూశారా?

ఇట్లు,
చెప్పులో పట్టని పాదంతో,
మీ పేషెంటు