సవరణ: ముఖ్తారన్ మాయి కేసు తీర్పుల గురించి

ముఖ్తారన్ మాయి కేసులో దోషులకు ఉరి అమలైందన్నట్టుగా గత టపాలో ఒక వాక్యం ధ్వనించిందని రాజోలు, అమలాపురం పాఠకులు కొందరు రాశారు కనుక ఈ వివరణ. పాకిస్తాన్‌లోని మీర్‌వాలాలో 2002 జూన్‌లో, తమ్ముడిపై మోపిన నిందకు పరువు పేరిట, అక్కడి పెద్దల పంచాయితీ చెప్పిన మీదట ఆమెపై సామూహిక అత్యాచారం జరిగాక, మసీదు ఇమాము శుక్రవారం ప్రసంగంలో ఖండించబట్టే సంగతి ఊరు దాటింది. ఆ ఆగస్టులో ఆరుగురికి మరణశిక్ష పడిన మాట నిజమే. కానీ 2005లో లాహోర్ హైకోర్టు ఐదుగురిని నిర్దోషులని వదిలేసి, ఆరో వ్యక్తి శిక్షను యావజ్జీవానికి తగ్గించగా, 2011లో సుప్రీంకోర్టు దానినే సమర్థించింది. పరిహారపు సొమ్ముతో ఆమె బడి తెరిచారన్న మాటలో మార్పు లేదు. ఆ పంచాయితీని మన లంక గ్రామాల్లో పెద్దమనుషులు అరుగు మీద తీర్చే గట్టు తగాదాలతో పోల్చిన వాక్యాన్ని మాత్రం తీసేశాను. (అయితే అదే అరుగు మీద ఆడపిల్లల కేసులను డబ్బుతో సర్దేయడం మన దగ్గరా ఉంది, అత్యాచారం మన చట్టంలో రాజీకి వీలులేని నేరం.)