పండగ దాటాక కూడా ఆకలేస్తుంది

మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి ముందు తెల్లవారకముందే క్యూ కడతారు. ఆ సందడి తగ్గేలోపే రాస్ హిల్ మీద చర్చికి క్రిస్మస్ దీపాలు వెలుగుతాయి. ధనుర్మాసం మొదలై వీధుల్లోకి హరిదాసు వస్తాడు. అక్కడి నుంచి కనుమ దాకా విశాఖలో పండగే పండగ. పెట్టే చెయ్యి కూడా ఈ రోజుల్లోనే బాగా ఆడుతుంది. గుళ్లలో అన్నదానాలు, చర్చిల తరఫున కొత్త బట్టలు, బీచ్ రోడ్డులో బిర్యానీ పొట్లాలు, రైల్వే స్టేషన్ దగ్గర దుప్పట్లు. ఇవన్నీ చేస్తున్న వారందరికీ ముందుగా మా నమస్కారం. అయితే ఒక్క మాట చెప్పాలి.

మనం ఇచ్చేది మనకు వీలైన రోజున. ఎదుటివారి అవసరం ఆ రోజే ఉండాలని లేదు. డిసెంబరు 25న, జనవరి 1న ఒకే ఫుట్‌పాత్ దగ్గర రెండు మూడు బృందాలు ఆగి పొట్లాలు పంచుతాయి. తిన్నంత తినగా మిగిలింది పాడైపోతుంది. జనవరి మూడో వారంలో అదే మనిషి టీ నీళ్లు తాగి పడుకుంటాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు. అందరం ఒకే రోజు కదిలాం, అంతే. పండగ ఖర్చులో దానానికి తీసిపెట్టిన డబ్బులో సగం ఫిబ్రవరికి దాచి చూడండి.

కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) సంగతే తీసుకుందాం. 1923లో మొదలైన ఈ పెద్దాసుపత్రికి శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాల నుంచే కాదు, ఒడిశా నుంచి కూడా రోగులు వస్తారు. పండగ వచ్చిందని జబ్బు ఆగదు. మంచం మీదున్న మనిషికి ఆసుపత్రి భోజనం అందుతుంది. తోడు వచ్చిన తల్లో, తమ్ముడో తమ తిండి తామే చూసుకోవాలి. రెండు రోజుల పని అనుకుని తెచ్చుకున్న డబ్బు పది రోజులకు ఎలా సరిపోతుంది? వరండాలో చాప పరుచుకుని ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి పడుకుంటారు. వాళ్లు అడుక్కునేవాళ్లు కారు. ఊళ్లో వాళ్లకీ ఇల్లుంది, పండగకి ఎదురుచూసే పిల్లలున్నారు. పాడేరు వైపు నుంచి వచ్చిన తల్లికి మీ చేతిలోని పులిహోర పొట్లం కన్నా ఫోన్ రీఛార్జ్ ముఖ్యం కావచ్చు, ఇంటి దగ్గర వదిలొచ్చిన చంటిదాని గొంతు వినడానికి. ఇంకొకరికి కావాల్సింది రాత్రి చలికి ఒక దుప్పటి. ‘ఏటి కావాలమ్మా?’ అని అడిగితేనే తెలుస్తుంది. అలా అడగడం కూడా దానంలో భాగమే అని మా నమ్మకం. అన్న క్యాంటీన్‌లో పూటకు 5 రూపాయలు, టిఫిన్, రెండు భోజనాలు కలిపి రోజుకు 15. అది దగ్గర్లో ఎక్కడుందో చూపించి వంద రూపాయలు చేతిలో పెడితే ఒక మనిషికి ఆరు రోజులకు పైగా గడుస్తుంది.

తీసుకోవడం ఎలా ఉంటుందో మన ఊరికి తెలియంది కాదు. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను ఈ నగరాన్ని ఊడ్చేసింది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. పాల ప్యాకెట్ కోసం, బిందెడు నీళ్ల కోసం బ్యాంకు ఉద్యోగీ, రోజు కూలీ ఒకే లైన్లో నిలబడ్డారు. వేరే జిల్లాల నుంచి లారీల్లో తిండి, నీళ్లు వచ్చాయి. పంపిన వాళ్లలో చాలామంది పేర్లు మనకు ఇప్పటికీ తెలియవు. ఆ పాల ప్యాకెట్ అందుకుంటుంటే, ‘ఇటు చూడండి’ అని ఎవరైనా ఫోన్ కెమెరా పెట్టి ఉంటే మనకెలా ఉండేది? సాయం తీసుకుంటున్న వారి ముఖాలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే ముందు ఆ లైన్ గుర్తు తెచ్చుకోమని వేడుకుంటున్నాం. హరిదాసు అక్షయపాత్రను తల మీదే ఉంచుకుని ఇంటి ముందు వంగుతాడు, ఇల్లాలు బియ్యం పోస్తుంది. ఎవరెంత పోశారో ఆయనకు కనపడదు. ఇంత మర్యాద తెలిసిన పండగ మనది.

బట్టల విషయంలోనూ అంతే. భోగి మంటల్లో వేయబోయేవి ఒకసారి తిరగేసి చూడండి. కట్టుకోదగ్గవి ఉతికి, గుండీలు కుట్టి ఇవ్వండి. చిరిగినవి మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను కూడా చూద్దాం. సంక్రాంతికి ఫ్లాట్లన్నీ తాళాలు వేసుకుని ఊళ్లకు పోతే, ఆ తాళాలకు కాపలాగా ఆగిపోయేది అతనే. అతనికీ ఏ శ్రీకాకుళం జిల్లాలోనో ఒక ఊరుంది, కొడుకు రాక కోసం చూసే అమ్మ ఉంది. ఇళ్లవాళ్లు వంతులు వేసుకుంటే అతన్ని రెండు రోజులు పంపడం అసాధ్యమేమీ కాదు. పనిమనిషికి ఇచ్చే పండగ డబ్బు కూడా భోగికి వారం ముందే ఇస్తే ఆమె పిల్లలకు బట్టలు కొనుక్కోగలదు. పండగయ్యాక ఇస్తే అది అప్పుల్లోకే పోతుంది.

దాతలు ఉన్నారు కదా అని ప్రభుత్వం పక్కకు తప్పుకోవడానికి లేదు. లక్ష జనాభాకు ఇల్లు లేనివారు కనీసం 100 మంది తలదాచుకునేలా బస ఉండాలన్నది కేంద్ర ప్రభుత్వ జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ పెట్టిన నిబంధన. మన నగరం ఎంత పెద్దదో మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ)కి వేరే చెప్పనక్కర్లేదు. ఉన్న బసల చిరునామా, ఫోన్ నంబరు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో, రైల్వే స్టేషన్‌లో, కేజీహెచ్ గేటు దగ్గర పెద్ద అక్షరాలతో రాయించాలని, చలి ఎక్కువగా ఉన్న రాత్రుల్లో సిబ్బందే వెళ్లి వీధుల్లో పడుకున్నవారిని తీసుకురావాలని కోరుతున్నాం.

చివరిగా రక్తం. ఏడాది పొడవునా రక్తదాన శిబిరాలను నడిపించేది ఎక్కువగా కాలేజీ పిల్లలే. సంక్రాంతి సెలవులకు వాళ్లు ఊళ్లకు వెళ్లగానే శిబిరాలు తగ్గుతాయి. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు నిల్వ ఉండేది 5 రోజులే. ఒంట్లో రక్తం సరిగా తయారుకాని తలసీమియా జబ్బు ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, పండగైనా తప్పదు. ఏజెన్సీ నుంచి వచ్చే సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) రోగులకూ ఏ క్షణంలో అవసరం పడుతుందో చెప్పలేం. 18 ఏళ్లు నిండి, 45 కిలోల బరువు, ఆరోగ్యం ఉన్నవారు ఇవ్వొచ్చు. మగవారు మూడు నెలలకోసారి, ఆడవారు నాలుగు నెలలకోసారి. ఈ సంక్రాంతికి ఊరెళ్లకుండా విశాఖలోనే ఉండిపోతున్నవారు దగ్గర్లోని బ్లడ్ బ్యాంకుకు ఒకసారి ఫోన్ చేసి, కనుమ నాడో మర్నాడో ఒక గంట కేటాయించండి. భోజనం చేసే వెళ్లండి, ఖాళీ కడుపుతో రక్తం తీసుకోరు.