రింగు నంబరు చూడకుండా లారీ టైరుకు గాలి కొట్టించకండి

మా మామ ఈసారి మామిడి సీజనుకు ముందు పుత్తూరు దగ్గర ఒక పాత టాటా 1210 లారీ కొన్నాడు. తోటల నుంచి తోతాపురి కాయను గుజ్జు ఫ్యాక్టరీలకు తోలడానికి. "నువ్వు చదువుకున్నోడివి కదరా, ఆ బండి ఏ మోడలు, ఎంత మోస్తుంది, అన్నీ కనుక్కో" అని నాకు చెప్పాడు. సరేనని దిగాను. చక్రాల దగ్గరికి వచ్చేసరికి చెమటలు పట్టాయి. అందుకే ఈ పోస్టు.

పాత టాటా బండికి పేరులోనే సగం వివరం ఉంటుంది. 1210లో 12 అంటే సరుకుతో కలిపి మొత్తం బరువు దాదాపు 12 టన్నులు. 10 అంటే ఇంజను బలం అటూ ఇటూగా 100 హార్స్‌పవర్. ఇంజను మోడలు 697 అయితే 6 సిలిండర్లు, ఒక్కోదాని లోపలి వ్యాసం 97 మిల్లీమీటర్లు. 692 అయితే 92. టాటా వాళ్లు డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టింది 1954లో, ఆ ఒప్పందం ముగిసింది 1969లో. ముందున్న గుర్తు బెంజ్‌దా టాటాదా అని చూసి బండి వయసు చెప్పేవాళ్లున్నారు కానీ ఆ రేకు ఎవరైనా మార్చి ఉండొచ్చు. ఛాసిస్ మీద కొట్టిన నంబరును వైరు బ్రష్‌తో రుద్ది, ఆర్సీతో ఒక్కో అక్షరం సరిచూడాలి. మాకు ఛాసిస్ నంబరు కలిసింది, ఇంజను నంబరు కలవలేదు. ఎప్పుడో ఇంజను మార్చి ఆర్సీలో ఎక్కించలేదు. ఆఫీసు చుట్టూ తిరిగితే అది తీరిపోతుంది. చక్రం అట్లా కాదు.

ఈ పాత లారీల రిమ్ము ఒకే ముక్క కాదు. అడుగున రిమ్ము, దాని మీద సైడ్ రింగు, ఆ రింగును పట్టి ఉంచే లాక్ రింగు. కొన్నింటిలో సైడ్ రింగే లాక్ పని కూడా చేస్తుంది. ట్యూబులో 100 పీఎస్ఐ గాలి ఉందంటే ప్రతి చదరపు అంగుళం మీదా 100 పౌండ్ల నెట్టుడు ఉన్నట్టు. టైరు పక్క గోడ మీద అది టన్నుల్లోకి పోతుంది. అంత బలాన్ని ఆపేది గాడిలో కూర్చున్న ఆ సన్నటి ఇనుప రింగే. గాడి తుప్పు పట్టినా, రింగు వంగినా, వేరే సైజు రింగు తొడిగినా అది ఎగురుతుంది. తప్పుకునే టైము ఉండదు.

మా బండికి ముందు టైర్లు 9.00-20, అంటే వెడల్పు 9 అంగుళాలు, రిమ్ము వ్యాసం 20 అంగుళాలు. వాటికి 7.0-20 రిమ్ము ఉండాలి. రిమ్ము మీద ఆ నంబరే ఉంది, రింగు మీద మాత్రం వేరే నంబరు, వేరే కంపెనీ గుర్తు. ఎవరో దొరికిన రింగును సమ్మెటతో కొట్టి కూర్చోబెట్టారు. మామ అప్పటికే టైరును పంక్చర్ అంగడిలో దించాడు. పట్టుమని పద్దెనిమిదేళ్లు కూడా లేని పిల్లోడు రింగు మీద కాలు పెట్టి, పైకి వంగి గాలి కొడుతున్నాడు. నేను పోయి కంప్రెసర్ ఆపేశాను. అంగడాయన "ఏం కాదు సామీ, ఇరవై ఏండ్లుగా కొడతా ఉండాం" అన్నాడు. నాకు నిజంగా కోపం వచ్చింది. వంగింది ఆయన కాదు కదా!

అమెరికాలో ఈ ముక్కల రిమ్ములకు ఆడవాళ్ల తాళి తెంపేవి అనే అర్థంలో పేరే పెట్టారు. అక్కడి కార్మిక భద్రతా సంస్థ 1980లోనే నియమాలు తెచ్చింది. చక్రాన్ని ఇనుప బోనులో పెట్టి గాలి కొట్టాలి. పైపు దానంతట అది వాల్వును పట్టుకుని ఉండాలి, మనిషి రింగుకు ఎదురుగా ఉండకూడదు. మన దగ్గర మొగిలి ఘాట్ దిగి వచ్చే లారీలన్నీ ఆగే దారిలో ఎన్ని అంగళ్లలో ఆ బోను ఉందో మీరే చూడండి. నాలుగు ఇనుప పైపులు వంచి వెల్డింగ్ చేసే పని అది. ఒక పిల్లోడి ప్రాణానికి ఆ మాత్రం ఖర్చు పెట్టలేమా?

పాత లారీ ఉన్నవాళ్లకు చేతులెత్తి చెబుతున్నాను. టైరు విప్పే ముందు వాల్వ్ పిన్ను తీసి గాలి మొత్తం పోనివ్వండి. వెనక జంట చక్రాలైతే వీల్ నట్లు వదులు చేయకముందే రెండింటి గాలీ తీయండి, లోపలి రిమ్ము పగిలి ఉంటే బయటి నట్లే దాన్ని ఆపుతుంటాయి. గాలి ఉండగా రింగు మీద సుత్తి వేయొద్దు. గాలి లేకుండా చాలా దూరం నడిచిన టైరుకు అట్లే మళ్లీ గాలి కొట్టొద్దు, విప్పి లోపల చూడాలి. పగిలిన రిమ్ముకు వెల్డింగ్ అసలే వద్దు. టైరు ఉండగా వేడి చేస్తే లోపల రబ్బరు కాలి గ్యాస్ పుట్టి టైరే పేలుతుంది.

మామ మొదట గొణిగాడు, ఖర్చు అని. చివరికి నంబర్లు కలిసే రిమ్ములు, రింగులు సెట్టుగా కొన్నాం. పాత రింగులను గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేయించి పాత ఇనుము అంగడికి వేశాం. అట్లే వేస్తే ఇంకెవరో కొనుక్కుపోయి వాళ్ల లారీకి తొడుగుతారు.