మనోభావాలు గారికి, ఇంకా దెబ్బతినే ఉన్నారా?

గౌరవనీయులైన చైనా జాతీయ మనోభావాలు గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. మీరు కుశలంగా ఉన్నారనడమే మీకు అవమానమవుతుందేమోనని మానేశాను. దెబ్బతినడమే వృత్తిగా పెట్టుకున్నవారిని బాగున్నారా అని అడగకూడదు. తైవాన్ మీదేనన్న మాటకు ఎవరు అడ్డొచ్చినట్టు కనబడినా మీకు దెబ్బే కదా. మీ దూరపు చుట్టాలు మా దగ్గరా ఉన్నారు లెండి. సినిమా విడుదలకు సరిగ్గా ముందురోజు వాళ్లకు దెబ్బ తగులుతుంది. కానీ మీ స్థాయి వేరు. మావాళ్లు పోస్టర్లు చించి ఊరుకుంటారు, మీరు ఏకంగా పాటలకు బాణీలు కడతారు.

అవునండీ, చైనా, తైవాన్ రెండూ పాడుకునే మాండరిన్ భాషా పాప్ పాటలకు అసలు సంగీత దర్శకులు మీరే. ఆల్బమ్ అట్ట మీద మీ పేరు వేయకపోవడం దారుణం.

మీ పనితనం చూడాలంటే ‘డ్రాగన్ వారసులు’ పాట చాలు. 1978 డిసెంబరులో అమెరికా తైవాన్‌తో తెగతెంపులు చేసుకుని బీజింగ్‌ను గుర్తిస్తానంది. ఒళ్లు మండిన హౌ డెజియాన్ అనే తైవాన్ కుర్రాడు పాట కట్టాడు. తూర్పున ఒక మహానది, ఒక డ్రాగన్, నల్లకళ్లు, నల్లజుట్టు, పసుపు చర్మం. తైవాన్‌లో మీరు పొంగిపోయారు. (అప్పట్లో తైవాన్ రాజధాని తైపేలోనూ మీకో ఆఫీసు ఉండేది, మరిచిపోయారా?) 1983లో ఆ కుర్రాడు చైనా వెళ్లిపోయాడు. అంతే, నిన్నటి దేశభక్తి గీతం తైవాన్‌లో నిషిద్ధ గీతమైంది, అవతలి ఒడ్డున నెత్తికెక్కింది. 1989 జూన్ 4 తెల్లవారుజామున బీజింగ్ తియానన్మెన్ చౌక్‌లో ఆయనే సైన్యంతో మాట్లాడి, నిరసన చేస్తున్న విద్యార్థులు బయటపడేందుకు దారి అడిగాడు. మరుసటి ఏడాది ఆయన్ని తైవాన్‌కు సాగనంపారు. పాటను మాత్రం ఉంచేసుకున్నారు! 2011లో మళ్లీ ఆయన చేతే బీజింగ్ బర్డ్స్ నెస్ట్ స్టేడియంలో ఆ పాట పాడించారు. ఇంతకీ ఆ డ్రాగన్ ఎవరి వైపో తేలిందా?

తైవాన్ గాయని తెరెసా టెంగ్ విషయంలో మాత్రం మీరు ఓడిపోయారు, ఒప్పుకోండి. తైవాన్ సైన్యం ఆమె గొంతును కిన్‌మెన్ దీవి లౌడ్‌స్పీకర్లలో పెట్టి ఎదుటి ఒడ్డుకు వినిపించేది. 1980ల మొదట్లో మీరు ఆ ప్రేమపాటల్ని మనుషుల్ని చెడగొట్టే సరుకన్నారు. అప్పటి చైనా నేత డెంగ్ షియావోపింగ్‌దీ ఆమెదీ ఒకే ఇంటిపేరు కదా (టెంగ్ అన్నా డెంగ్ అన్నా ఒకటే), జనం పగలు ముసలి డెంగ్ మాట విని, రాత్రి చిన్న డెంగ్ పాట విన్నారు.

అక్కడి నుంచి మీకు తెలివొచ్చింది. నిషేధించడం కంటే సొంతం చేసుకోవడం సుఖమని గ్రహించారు. 2000ల్లో తైవాన్ గాయకుడు జే చౌ వచ్చాడు. అమెరికా ఆర్ అండ్ బీ తాళం కింద, అర్హు, గూఝెంగ్ అనే చైనా తీగ వాద్యాలు పైన. విన్సెంట్ ఫాంగ్ సాహిత్యంలో నీలి పింగాణీ, తుంపర వాన, సిరా గీతలు. దీన్ని ‘చైనా గాలి’ అన్నారు. గాలి వీచింది తైపే నుంచి, పేరు మాత్రం మీది. పింగాణీ పాట 2008లో చైనా ప్రభుత్వ టీవీ సీసీటీవీ వారి వసంతోత్సవ వేదికెక్కింది. నిజంగా అందమైన పాట, అందులో అబద్ధం లేదు. కానీ పింగాణీ మీద ఎవరికి కోపమొస్తుంది చెప్పండి? వెయ్యేళ్ల కిందటి వాన మీద కేసు పెట్టలేరు. బతకనేర్చిన రచయితకు అంతకంటే భద్రమైన వస్తువు దొరకదు. ఆ తర్వాత వచ్చినవాళ్లు వరసగా పట్టు వస్త్రాలు, కత్తులు, మేడ మీద విరహిణులతో గోదాము నింపేశారు. వాళ్ల పాటల్లో ఎవరూ అద్దె కట్టరు, బస్సెక్కరు. ఇంకో ముచ్చట: 2005లో షాంఘై విద్యాశాఖ బడిపిల్లలకు సిఫారసు చేసిన దేశభక్తి గీతాల్లో జే చౌ రాసిన నత్త పాట ఉంది. పైకి పాక్కుంటూ పోయే మామూలు నత్త. మీ కంట పడగానే దానికీ పౌరసత్వం వచ్చేసింది.

పాటలో జాగ్రత్తపడితే సరిపోతుందా అంటే అదీ లేదు. 2000 మే 20న తైవాన్ అధ్యక్షుడి ప్రమాణ స్వీకారంలో అక్కడి గాయని ఆమెయ్ జాతీయగీతం పాడింది. మరునాటి నుంచి చైనాలో ఆమె పాటలూ లేవు, ఆమె చేసిన స్ప్రైట్ ప్రకటనలూ లేవు. 2016లో కొరియా పాప్ బృందంలో పాడే తైవాన్ అమ్మాయి చౌ జుయుకు పదహారేళ్లు. కొరియా టీవీ కార్యక్రమంలో తైవాన్ జెండా పట్టుకుందని ఆమె మీద రచ్చ చేసింది ఎవరో కాదు, తైవాన్ గాయకుడే, హువాంగ్ ఆన్. జనవరి 15 రాత్రి ఆ పిల్ల నల్ల స్వెటర్ వేసుకుని, తల వంచి, చేతిలో కాగితం చూస్తూ, చైనా ఒక్కటేనని చదివింది. తెల్లారితే తైవాన్‌లో ఎన్నికలు. ఆ వీడియో చూసి మండిపడి ఎంతమంది ఓటేయడానికి వెళ్లారో గానీ, గెలిచింది మీకు గిట్టని త్సాయ్ ఇంగ్‌వెన్.

2021 అక్టోబరులో మలేసియా గాయకుడు నేమ్‌వీ, ఆస్ట్రేలియాలో పుట్టిన కింబర్లీ చెన్ కలిసి గాజు గుండెల మీద, అంటే ఇట్టే పగిలిపోయే మనసుల మీద, ఒక తియ్యటి యుగళగీతం పాడారు. తెర నిండా గులాబీ రంగు, మధ్యలో పాండా. మీ పేరెక్కడా ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ అనగానే మీరు భుజాలు తడుముకున్నారు, చైనా సోషల్ మీడియా వీబోలో ఇద్దరి ఖాతాలూ మాయమయ్యాయి. యూట్యూబ్‌లో వీక్షణలు నెల తిరక్కుండానే కోటి దాటాయి. మార్కెటింగ్‌కు మీకంటే చౌకైన మనిషి దొరకడు. అదే నెల మొదటి తేదీ నుంచి జనం మైకు పట్టి పాడుకునే కరవోకే గదులకూ కొత్త నిబంధన పెట్టారు. జాతీయ ఐక్యతకు భంగం కలిగించే పాట అక్కడ మోగకూడదట. దేశంలో అప్పటికి అలాంటి వినోద కేంద్రాలు సుమారు 50,000. ఆఫీసు అయ్యాక బీరు తాగి శ్రుతి తప్పే గుమాస్తా కూడా దేశాన్ని చీలుస్తాడని మీ భయం.

తైవాన్ గాయకులు మీతో ఇంత చిరాకును ఎందుకు భరిస్తారంటే లెక్క తేలికే. తైవాన్‌లో వినేవాళ్లు 2.3 కోట్లు, అవతల 140 కోట్లు. మీ అలకకు టికెట్ ధర ఉంది.

2024 మే నెలలో పద్ధతి ఇంకా ముదిరింది. తైవాన్‌లో కొత్త అధ్యక్షుడు పదవిలోకి రాగానే సీసీటీవీ వీబోలో తైవాన్ ఎన్నడూ దేశం కాదని పోస్టు పెట్టింది. షేర్ చేసిన తైవాన్ కళాకారులు సరే, చేయనివాళ్ల జాబితాలు జనమే తయారుచేశారు. మౌనం కూడా పాటలాగే సెన్సారుకొచ్చింది. ఆ రోజుల్లోనే బర్డ్స్ నెస్ట్‌లో మేడే అనే తైవాన్ బృందం గాయకుడు ఆషిన్, మన చైనీయులం బీజింగ్ వస్తే బాతు వేపుడు తినాల్సిందేనన్నాడు. దాంతో తైవాన్‌లో ఉన్న మీ తోబుట్టువులకు దెబ్బ తగిలింది! అంతకు ఆర్నెల్ల ముందే ఆ బృందం మీద షాంఘైలో పెదాలు మాత్రమే కదిపారన్న ఆరోపణతో విచారణ నడిచింది. చైనాకు అనుకూలంగా మాట్లాడమని వాళ్ల మీద ఒత్తిడి పెట్టారని రాయిటర్స్ రాసింది.

కాబట్టి ఒక సందేహం తీర్చండి. తైవాన్ గాయకుడెవరైనా బీజింగ్ వచ్చి, కచేరీ చేసి, బాతు తిని, తాను ఎవరో ఏమీ చెప్పకుండా విమానం ఎక్కితే అది నేరమా, కాదా? జవాబు రాతపూర్వకంగా పంపండి. వచ్చే కచేరీకి టికెట్లు అమ్మాల్సినవాళ్లు అడుగుతున్నారు.

ఇట్లు,
తమ క్షేమం కోరని శ్రోత